భుజానికో మోకాలికో ఎక్సర్‌సైజు కోసం రబ్బరు బ్యాండు కొంటున్నారా? దయచేసి ముందు ఇది చదవండి

ఇప్పుడే కోఠి నుంచి ఇంటికొచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రాసేది కొంచెం అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయడం లేదు. కోఠిలో సర్జికల్ సామాన్లు కొనే అలవాటున్నవాళ్ళకి ఏదో అర్థమైతే అవుతుంది, కాకపోయినా నేను చెప్పే జాగ్రత్త ఏ షాపుకైనా పనికొస్తుంది.

మా అమ్మకి భుజంలో రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు, వాటి స్నాయువులు) తెగితే ఆపరేషన్ చేయించాం. ఆరు వారాలు చెయ్యి బెల్టులోనే ఉంది. తర్వాత చెయ్యి మెల్లగా పైకి లేపడం, గోడ మీద వేళ్ళు పాకించడం. పన్నెండు వారాలు దాటాక మా ఫిజియో రబ్బరు బ్యాండుతో బలం తెప్పించడం మొదలుపెట్టారు. బ్యాండు ఎంత గట్టిదో రంగు చెబుతుంది. క్లినిక్‌లో పసుపు రంగుతో చేయించి, "ఇక ఎరుపుకి వెళ్ళొచ్చు, ఇంట్లో కూడా చేసుకోండమ్మా" అని చీటీ రాసిచ్చారు. మొదటిసారి తన చేత్తో తనే జడ వేసుకున్న రోజు అమ్మ అద్దం ముందు నుంచి కదల్లేదు. మూడు నెలల కష్టం అది.

నేను వెళ్ళి బ్యాండు కొన్నాను. 350 రూపాయలు. గుమ్మం దగ్గర కొక్కేలకు దండల్లా వేలాడదీసినవాటిలోంచి ఒకటి తీసిచ్చాడు. సాయంత్రం ఎండ నేరుగా వాటి మీదే పడుతోంది. కవరు లోపల బ్యాండు నాలుగు మడతల్లో ఉంది, మడత దగ్గర రంగు కొద్దిగా తెల్లబడింది. కవరు మీద కంపెనీ చిరునామా లేదు, తేదీ లేదు. ఇవన్నీ నేను చూశాను. చూసి కూడా, రబ్బరు ముక్కే కదా అనుకున్నాను. బిల్లు అడిగితే "బిల్లయితే రేటు మారుతుంది మేడమ్" అన్నాడు, వద్దులే అన్నాను. ఈ రెండు మాటలకీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మంగళవారం సాయంత్రం. ఫిజియో నేర్పినట్టే బ్యాండు మధ్యలో ముడి వేసి, ముడిని తలుపు అవతల పెట్టి, తలుపు మూసి గడియ పెట్టాను. అమ్మ తలుపుకి ఎదురుగా నిలబడి రెండు కొసలూ పట్టుకుని మోచేతులు వెనక్కి లాగాలి, పదిసార్లు. చెమట పడుతోందని కళ్ళజోడు తీసి టీవీ పక్కన పెట్టింది. నేను లెక్కపెడుతున్నాను. ఏడు అన్నాను. చెంప మీద కొట్టినట్టు చప్పుడు. తలుపుకి బెత్తెడు దూరంలో ఒక వైపు పుటుక్కున తెగి, ఆ కొస వచ్చి అమ్మ కుడి కంటి కింద తగిలింది. అమ్మ అరవలేదు. రెండు చేతులతో ముఖం మూసుకుని కింద కూర్చుండిపోయింది. వేళ్ళు తీసి చూస్తే కంటికి వేలెడు కింద ఎర్రగా వాత. ఆ వేలెడు పైకి తగిలి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

రాత్రే కంటి డాక్టరుకి చూపించాం. కన్ను బాగానే ఉంది. కానీ ఒక్కసారిగా పట్టు వదిలేసరికి ఆపరేషన్ అయిన భుజం వెనక్కి గుంజుకుపోయింది, నొప్పి మళ్ళీ మొదలైంది. రెండు వారాలు బ్యాండు ముట్టుకోవద్దన్నారు ఫిజియో. ఆయన ముట్టుకోమన్నా అమ్మ ముట్టుకునేలా లేదు. నిన్న క్లినిక్‌లో పక్క మంచం మీద ఎవరో బ్యాండు లాగుతుంటే తల తిప్పేసుకుని, "నాకొద్దు బిడ్డా, ఈ చెయ్యి ఎంత లేస్తే అంతే చాలు" అంది. మూడు నెలలుగా నొప్పి పంటి కింద బిగబట్టి చేసిన మనిషి ఆ మాట అంది.

తెగిన ముక్క ఫిజియోకి చూపించాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య వంచి లైటుకి అడ్డంగా పట్టుకున్నారు. మడత పడిన ప్రతి చోటా, ఎండిన చెరువు మట్టి బీటలు వారినట్టు సన్నని పగుళ్ళు. మామూలుగా పట్టుకుంటే కనిపించవు, వంచితేనే నోళ్ళు తెరుచుకుంటాయి. సహజ రబ్బరుని ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ మెల్లగా తినేస్తాయట. అది కూడా మడతపడి బిగిసి ఉన్న చోటే ముందు పట్టుకుంటుందట. అంటే నేను కొనే రోజుకే అది అయిపోయిన సరుకు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మిగిలిన ముక్క లాగి చూసి ఆయన, "ఇది నేను రాసిన ఎరుపు కాదు, బాగా గట్టిగా ఉంది" అన్నారు. ఎరుపు అంటే ఎక్కడైనా ఎరుపే అనుకున్నాను నేను. కాదు. ఫిజియోలు ఎక్కువగా లెక్కలోకి తీసుకునేది థెరాబ్యాండ్ అనే బ్రాండు వాళ్ళ రంగుల వరస. అందులో మూరెడు బ్యాండు రెండు మూరలయ్యేదాకా సాగదీస్తే పసుపు సుమారు 1.3 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3. ఒక్కో మెట్టుకీ తేడా అరకిలో అటూ ఇటూనే. కుట్లు వేసి అతికించిన స్నాయువుకి ఆ అరకిలో చాలా పెద్దదట. వేరే కంపెనీలు అదే వరస పాటించాలన్న నియమం ఏదీ లేదు, ఎవరి రంగులు వాళ్ళవి. పైగా డంబెల్‌ లాగా ఇది మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువు ఉండదు, లాగే కొద్దీ బరువెక్కుతుంది. తలుపు నుంచి ఒక అడుగు వెనక్కి జరిగితే చాలు, అదే బ్యాండు ఇంకా గట్టిగా గుంజుతుంది.

ఇక ఈరోజు సంగతి. డబ్బులు తిరిగిస్తాడని వెళ్ళలేదు, ఒట్టు. ఆ కొక్కేల మీద ఉన్నవి తీసేయమని చెబుదామని వెళ్ళాను. రెండు ముక్కలూ కౌంటరు మీద పెట్టాను, ఫోన్లో అమ్మ ముఖం ఫొటో చూపించాను. ఫొటో వైపు చూడను కూడా చూడలేదు. "రబ్బరు తెగకుండా ఉంటుందా మేడమ్? ఇనుమా ఏమన్నా? ఎక్కువ లాగి ఉంటారు." మూరెడున్నది మూరన్నర కూడా సాగలేదని చెప్పాను. "మరి మీ అమ్మగారికి పట్టుకోవడం రాలేదేమో."

ఆ మాటకి నోరు పెగల్లేదు. నేను అలా నిలబడి ఉండగానే ఒక పెద్దాయన వచ్చారు. మోకాలికి పట్టీ, చేతిలో చీటీ. నీలం రంగు బ్యాండు కావాలన్నారు. కుర్రాడు కర్రతో అదే కొక్కెం నుంచి, అదే వరసలోంచి ఒకటి దించి ఆయన చేతిలో పెట్టాడు. నా తెగిన ముక్కలు ఇంకా ఆ కౌంటరు మీదే ఉన్నాయి.

"అంకుల్, అది తీసుకోకండి, మా అమ్మకి ఇలాగే తెగి కంటి కింద తగిలింది" అన్నాను. అంతే. అప్పటిదాకా మేడమ్, మీరు అన్న మనిషి, "ఏమ్మా, నా బేరం చెడగొట్టడానికొచ్చావా? ఆ చెత్త తీసుకుని నడువు" అని ముక్కలు చేత్తో కిందికి తోసేశాడు. షాపు నిండా జనం. ఒక్కరూ మాట్లాడలేదు. నేను కింద వంగి ఆ ముక్కలు ఏరుకున్నాను. ఏరుకుంటుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, అవి వాడికి కనబడకూడదని తల ఎత్తలేదు. తల ఎత్తేసరికి పెద్దాయన డబ్బులిచ్చేసి మెట్లు దిగుతున్నారు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నేను రోడ్డు మీదకొచ్చేసరికి ఆటో కదిలిపోయింది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. బిల్లు లేదు, యూపీఐలో కట్టిన వివరం ఉంది. దానితో ఎంతవరకు అవుతుందో చూడాలి.

కొనేవాళ్ళు బిల్లు తప్పకుండా తీసుకోండి. కవరు విప్పించి, మడతలు వంచి, వెలుతురుకి పెట్టి చూడండి. పగుళ్ళు, గాట్లు, జిగురు, తెల్లటి గీత ఏదున్నా వద్దనండి. కొన్నది వాడకముందు ఒకసారి ఫిజియోకి చూపించండి. రంగు చూసి కాదు, లాగి చూసి చెప్పమనండి. ఎప్పుడూ మూడింతలకు మించి సాగదీయకండి, ఎండలో ఆరేయకండి. ముఖం వైపు లాగే ఎక్సర్‌సైజులకు కళ్ళజోడు తీయకండి. లేటెక్స్ (సహజ రబ్బరు) పడనివాళ్ళకి అది లేని బ్యాండ్లు వేరే దొరుకుతాయి.

ఈరోజు, గురువారం మధ్యాహ్నం, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా మోకాలి పట్టీతో కోఠి వెళ్ళి నీలం రంగు బ్యాండు తెచ్చుకుని ఉంటే, కవరు మీద కంపెనీ పేరు, తేదీ లేకపోతే, దయచేసి ఆయన చేతిలోంచి అది తీసేసుకోండి. లేత పసుపు చొక్కా, తెల్లటి గడ్డం. సాయంత్రం ఎక్సర్‌సైజు మొదలుపెట్టకముందే.