‘అంతా కవర్ అవుద్ది అక్కా’ అన్నాడు ఇన్సూరెన్స్ ఏజెంటు. ఇంట్లో కూర్చుని పని చేసుకునేవాళ్లు జాగ్రత్త

పోయిన నెల మా ఇంట్లో మంట అంటుకుని సామాను కాలితే ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేశాను. నష్టం లెక్కగట్టే సర్వేయర్ రిపోర్టు ఇవాళ మధ్యాహ్నం మెయిల్‌కి వచ్చింది. నేను అడిగింది 1,42,000. వాళ్లు రాసింది 19,000 చిల్లర. కర్టెన్లు, చెక్క బల్ల, దివాన్ మీద పరుపు, గోడకి రంగు. అంతే. ఏ సామాను ముందు కూర్చుని నేను నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నానో అందులో ఒక్కటీ లేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ అది తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఏజెంటు పేరు రాయను. మన విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు వాళ్లకి రాయక్కర్లేదు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు మన ఇళ్లలోకి వచ్చి పోయాక, గోడల మీద బురద గీత ఆరకముందే ఇంటింటికీ కాగితాలు పట్టుకుని తిరిగిన మనిషి. మాది కింది ఇల్లు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బీరువాలో బట్టలు అన్నీ పోతే, కింది అంతస్తు వాళ్లకని ప్రభుత్వం ఇచ్చిన 25,000 చేతికొచ్చాయి. ఆ పరిస్థితిలో ఎవరైనా వచ్చి ఇన్సూరెన్స్ అంటే కుర్చీ వేసి కూర్చోబెడతాం కదా. నేనూ కూర్చోబెట్టాను, కాఫీ ఇచ్చాను.

నా పని తెలియనివాళ్ల కోసం: వన్‌టౌన్, గవర్నరుపేట షాపులవాళ్లకి ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు ఇంటి నుంచే చేస్తాను. ముందు గదిలో డెస్క్‌టాప్, రెండు మానిటర్లు, లేజర్ ప్రింటర్, స్కానర్, యూపీఎస్. గోడకి ర్యాకు నిండా షాపుల ఫైళ్లు. ఆయన కూర్చుంది ఆ గదిలోనే. వివరాలు నింపింది ఆ బల్ల మీదే, తన ట్యాబ్‌లో. మానిటర్లు చూపించి ‘ఇవి కూడా వస్తాయా తమ్ముడూ’ అని అడిగాను. ‘ఇంట్లో ఉన్నది అంతా కవర్ అవుద్ది అక్కా. బిల్డింగు 30 లక్షలు పెడదాం, అందులో 20 శాతం, అంటే 6 లక్షల సామాను దానంతటదే వచ్చేస్తుంది’ అన్నాడు.

ఆ 20 శాతం లెక్క నిజమే. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో, బిల్డింగుకి పెట్టిన మొత్తంలో 20 శాతం, 10 లక్షలకి మించకుండా, ఇంటి సామానుకి జాబితా ఇవ్వకుండానే వస్తుంది. కాకపోతే సామాను అంటే ఇంటి వాడకం సామాను. ఆ ముక్క చెప్పలేదు. ‘ఫోనుకి ఓటీపీ వస్తుంది, చెప్పక్కా’ అన్నాడు. చెప్పాను. ఇప్పుడు సంతకాలు ఎక్కడున్నాయి, ఆ అంకెలే సంతకం. షాపుల బిల్లుల్లో రూపాయి తేడా వస్తే రాత్రి పదింటికి ఫోన్ చేసి మరీ అడిగే మనిషిని, నా ఫారం మాత్రం తెరిచి చూడలేదు. శభాష్.

పోయిన నెల 18వ తారీఖు రాత్రి యూపీఎస్‌లోంచి పొగ వచ్చింది. అందరం నిద్రలో ఉన్నాం, లేచేసరికి కర్టెన్‌కి అంటుకుంది. మెయిన్ ఆపి, పక్కింటివాళ్లు ఇసుక, తడి దుప్పట్లు తెచ్చి ఆర్పారు. మనుషులకేం కాలేదు, దేవుడి దయ. కానీ షాపులవాళ్లకి నెలనెలా వేసే 3బీ అనే జీఎస్టీ రిటర్నులకి 20వ తారీఖు ఆఖరు. ఆ టెన్షన్ ఈ పని చేసేవాళ్లకే తెలుసు.

అసలు సంగతి సర్వే రోజు జరిగింది. సర్వేయర్ మర్యాదగానే మాట్లాడాడు, ఆయన మీద నాకు కోపం లేదు. ఫైరింజన్ రాలేదు కాబట్టి ఫైర్ స్టేషన్ కాగితం లేదన్నాను, ఫొటోలు, పక్కింటివాళ్ల మాట చాల్లే అన్నాడు. మన ఏజెంటు కూడా వచ్చాడు, తోడుగా ఉంటాడని నేనే రమ్మన్నాను. ‘ఈ గదిలో ఏం చేస్తుంటారమ్మా’ అని సర్వేయర్ అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను, దాచడానికేముంది. ‘అంటే ఇక్కడ ఆఫీసు నడుస్తోందన్నమాట’ అంటూ రాసుకున్నాడు. సంచిలోంచి, పాలసీ కోసం నింపిన నా ప్రపోజల్ ఫారం కాపీ తీసి బల్ల మీద పెట్టాడు, ఆ కాలిన బల్ల మీదే. ఇంట్లో వ్యాపారం గానీ వృత్తి పని గానీ జరుగుతోందా అన్న చోట ‘లేదు’ అని ఉంది.

నేను ఏజెంటు వైపు చూశాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ‘చెప్పు తమ్ముడూ, ఇక్కడే కదా కూర్చుని రాశావు, నేను అడిగాను కూడా’ అన్నాను. తలెత్తకుండా, ‘మేడమ్‌గారు అప్పుడు చెప్పలేదండీ. సొంతానికి వాడుకునే కంప్యూటర్ అనుకున్నాను’ అన్నాడు. నాతో కాదు, సర్వేయర్‌తో.

సొంతానికట! అవును మరి, మేం సినిమాలు రెండు తెరల మీద చూస్తాం. పప్పుల కొట్టు ఫైళ్లు, స్టీలు సామాన్ల కొట్టు ఫైళ్లు గోడకి అందంగా ఉంటాయని పెట్టుకుంటాం.

ఇంకా ఉంది వినండి. పాలసీ రాసిన రోజే, కాఫీ తాగుతూ, ‘మా బావమరిదికి చిన్న షాపుంది, వాడి రిటర్నులు కూడా మీరే వేసిపెట్టండక్కా’ అని అడిగింది ఈయనే. అప్పటి నుంచి వేస్తున్నాను. డబ్బులు కూడా మొహమాటానికి తక్కువే తీసుకుంటున్నాను. ర్యాకులో చెయ్యి పెట్టి, సగం కాలిన ఆ బావమరిది ఫైలు తీసి ఇద్దరి మధ్యలో పెట్టాను. షాపు పేరు ఇంకా చదవడానికి వస్తోంది. సర్వేయర్ ఒక్కసారి ఆయన వైపు చూసి, ఫైలుకి ఫొటో తీసుకున్నాడు. మా అత్తగారు లోపలి నుంచి ‘కాఫీ బాగుందని రెండోసారి అడిగి తాగాడు గదమ్మా’ అన్నారు. ఆయన ఏదో ఫోన్ వచ్చిందని బయటికెళ్లాడు, మళ్లీ లోపలికి రాలేదు. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు కూడా వినిపించలేదు, అంత జాగ్రత్త.

రిపోర్టులో ఏం రాశారంటే: యూపీఎస్ రాదు. ఇది నేను ఒప్పుకుంటాను. షార్ట్ సర్క్యూట్ వల్ల, దానంతటదే వేడెక్కడం వల్ల పోయిన యంత్రానికి డబ్బులివ్వరు. డెస్క్‌టాప్, మానిటర్లు, ప్రింటర్ రావు, వృత్తికి వాడినవట. పైగా డెస్క్‌టాప్ దగ్గర ‘షార్ట్ సర్క్యూట్’ అని కూడా తగిలించారు. ఇది మాత్రం అన్యాయం. పాలసీలోనే రాసి ఉంది, ఆ మినహాయింపు మొదట పాడైన ఆ ఒక్క యంత్రానికే. దాని మంట అంటుకుని కాలిన పక్క వస్తువులకి వర్తించదు. నా డెస్క్‌టాప్ కాలింది మంటకి. కాలాక తీసిన ఫొటోలో కర్టెన్ గుడ్డ దాని మీద కరిగి అతుక్కుని ఉంది.

మా మరిది హైదరాబాద్ కంపెనీలో పని చేస్తాడు, వారానికి మూడు రోజులు ఇంటి నుంచి. ఆ రాత్రి వాడి ఆఫీసు లాప్‌టాప్ అదే బల్ల మీద చార్జింగులో ఉంది. అదీ రాదు, మీ సొత్తు కాదు కదా అన్నారు. వాళ్ల ఆఫీసువాళ్లేమో జీతంలో కోస్తామంటున్నారు. రెండువైపులా వాయింపు వాడికి.

ఫైళ్ల సంగతి అడగనే అక్కర్లేదు. ఏ రకమైన పత్రాలకీ ఈ పాలసీ డబ్బులివ్వదు, ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప. మంట వల్ల పని ఆగి వచ్చిన నష్టం కూడా రాదు. రిటర్ను ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు ఫీజు, ఒక్కో షాపుకి. ఆ షాపులవాళ్లని కట్టమని ఏ ముఖం పెట్టుకుని అడగను? నేనే కట్టాను.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి సాయంత్రమే మెయిల్ పెట్టాను. నా దగ్గర ఒక్క మంచి ఆధారం ఉంది. పాలసీ రాసిన రోజు ఇంటి ఫొటోలు ఆయనే తీశాడు, అప్‌లోడ్ చేశానక్కా అంటూ నాకు వాట్సాప్‌లో పంపాడు కూడా. అందులో రెండు మానిటర్లు, ప్రింటర్, ర్యాకు, ర్యాకు మీద షాపుల పేర్లు, అన్నీ కనిపిస్తున్నాయి. చెప్పలేదని అన్న మనిషి తన చేత్తో తీసిన ఫొటో. అది జత చేశాను. గంట తిరక్కుండా ఏజెంటు నుంచి ఫోన్. మళ్లీ అక్కా అయ్యాను. ‘అక్కా, నా ఏజెన్సీ కోడు పోతుంది, పిల్లలున్నారు, ఆ ఫొటో తీసేసి పంపండి’ అంటాడు. ఏమనాలో తెలియక ఫోన్ పెట్టేశాను. మా ఆయన అయితే, వదిలేయ్ మన వీధి మనిషి అంటున్నారు. మన వీధి మనిషి కాబట్టే కదా కూర్చోబెట్టింది!

ఇక మీరేం చేయాలో రెండు ముక్కలు, ఇప్పటికే చెయ్యి నొప్పెడుతోంది. ఇంట్లో కూర్చుని డబ్బు సంపాదించే పని ఏది చేసినా, అది కుట్టుమిషనైనా, ట్యూషనైనా, సాఫ్ట్‌వేరైనా, ఫారంలో రాయించండి. ఓటీపీ చెప్పే ముందు నింపిన ఫారం మీ ఫోనుకి పంపమనండి, పంపకపోతే అంకెలు చెప్పకండి. సంపాదనకి వాడే కంప్యూటర్లకి ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ ఇన్సూరెన్స్ అని వేరే పాలసీ ఉంటుంది, అది అడగండి. సామాను బిల్లులు మెయిల్లో దాచుకోండి, నావి సగం బిల్లులు సామానుతోపాటే కాలాయి. ఆఫీసు లాప్‌టాప్ ఇంట్లో పాడైతే ఎవరు భరిస్తారో మీ హెచ్ఆర్‌ని ముందే మెయిల్లో అడిగి జవాబు ఉంచుకోండి.

అన్నట్టు, దొంగతనం కూడా ఈ పాలసీలో మామూలుగా రాదు. మంటలు, వరద లాంటిది జరిగాక 7 రోజుల్లోపు, దానివల్ల దొంగతనం జరిగితేనే ఇస్తారు. ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తే విడిగా తీసుకున్న కవర్ ఉండాలి. మా వీధిలో చాలామంది వస్తుందనే అనుకుంటున్నారు, అదే మనిషి చెప్పాడు మరి.

నాలా ఇరుక్కుంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ) వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. నెల రోజుల్లో కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇలాంటి తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన ఆంధ్ర కూడా వాళ్ల కిందకే వస్తుంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. ఏడాది లోపే వెళ్లాలి. నేను నెల దాకా చూసి వెళ్తున్నాను.

ఏజెంటు ఎవరని విడిగా అడగకండి, చెప్పను. మిగతా ఏదైనా అడగండి, 20వ తారీఖు దాటాక తీరిగ్గా చెప్తాను.