ఆస్టిన్ బుల్లక్ మ్యూజియం: ఆ ఓడ కోసమైనా వెళ్ళండి

మా నాన్నది తాళ్ళరేవు. మా తాత అక్కడ చెక్క పడవలు కట్టే వడ్రంగి. బడి నుంచి రాగానే నాన్న వెళ్ళి తాతకి మేకులు అందించేవాడట. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ చరిత్ర మ్యూజియం, అదే బుల్లక్ మ్యూజియం ముందు నుంచి నేను పదేళ్ళుగా వెళ్తూనే ఉన్నాను. లోపల మూడు వందల ఏళ్ళ నాటి చెక్క ఓడ ఒకటుంది, అది ఎంత గొప్పదో మాత్రం మొన్న నాన్నతో వెళ్ళాకే తెలిసింది.

పోయినేడు అమ్మానాన్నల్ని ఒక టూర్ బస్సులో పంపాను. ఆ బస్సువాళ్ళు ముప్పావుగంట టైమిచ్చి, బయటున్న పెద్ద కంచు నక్షత్రం దగ్గర ఫొటోలు దిగమని, లోపల ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చేశారు. డబ్బులు పోతే పోయాయి, నాన్న ఆ ఓడని చూడనే లేదని తర్వాత తెలిసి ప్రాణం ఉసూరుమంది. అందుకే ఈసారి సెలవు పెట్టి రౌండ్ రాక్ నుంచి నేనే తీసుకెళ్ళాను. పార్కింగ్ బిల్డింగ్ కిందే ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అది చాలా సుఖం.

ఓడ పేరు లా బెల్. కింది అంతస్తులోనే ఉంది. 1684లో లా సాల్ అనే ఫ్రెంచాయన నాలుగు ఓడల్లో దాదాపు 300 మందిని వెంటబెట్టుకుని, మిసిసిపీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఫ్రాన్స్ తరఫున ఊరు కడదామని బయల్దేరాడు. మొగ దొరకలేదు. దాన్ని దాటి పడమరగా దాదాపు 400 మైళ్ళు వచ్చేసి టెక్సస్ తీరంలో మాటగోర్డా బే చేరారు. ఒక ఓడని దారిలోనే స్పెయిన్ వాళ్ళు పట్టుకున్నారు. ఒకటి ఒడ్డుకి చేరబోతూ ఇసుక మేటలో ఇరుక్కుపోయింది. ఒకటి ఫ్రాన్స్‌కి తిరిగి వెళ్ళిపోయింది. ఆఖరుగా మిగిలిన లా బెల్ 1686లో గాలివానకి మునిగింది. మరుసటి ఏడు లా సాల్‌ని అతని మనుషులే చంపేశారు. టెక్సస్‌ని ఒక్కో కాలంలో ఏలినవాళ్ళవి ఆరు జెండాలు ఎగిరాయంటారు కదా, అందులో ఫ్రాన్స్ జెండా వచ్చింది ఈ ప్రయాణం వల్లే.

‘ఫ్రెంచోళ్ళా? మన యానాం ఫ్రెంచోళ్ళేనా?’ అన్నాడు నాన్న. అవును నాన్నా, వాళ్ళే అన్నాను. తాళ్ళరేవు నుంచి యానాం ఎంత దూరమని!

309 ఏళ్ళ తర్వాత, 1995లో ఈ ఓడ దొరికింది. బురదలో కప్పబడిపోయింది కాబట్టే అడుగు భాగం మిగిలింది. దాని చుట్టూ సముద్రంలో రెండు వరసల ఉక్కు గోడ దింపి, లోపలి నీళ్ళు తోడేసి, పొడి నేల మీద తవ్వినట్టు తవ్వారు. తర్వాత ఆ చెక్కల్ని ఏళ్ళ తరబడి మందు నీళ్ళలో నానబెట్టి, టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో గడ్డకట్టించి తేమ లాగేశారు. 2014లో ఇక్కడికి తెచ్చి, చూడటానికి వచ్చినవాళ్ళ ముందే దుంగ దుంగా పేర్చారు. ఓడ మాత్రం ఇప్పటికీ ఫ్రాన్స్ సొత్తే. 2003లో రాసుకున్న ఒప్పందం ప్రకారం 99 ఏళ్ళు టెక్సస్ దగ్గర ఉంటుంది.

నాన్న పక్కటెముకల్లా ఉన్న ఆ ఓడ నల్లటి దుంగల ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వంగి, దుంగలు వెన్నుదూలానికి కలిసే చోటు చూపించి, ‘ఇక్కడ చూడమ్మా, బాడిసతో చెక్కిందే. మీ తాత చెయ్యి కూడా ఇలాగే పడేది’ అన్నాడు. ఆ దుంగల మీద ఏది ఎక్కడ కూర్చోవాలో రోమన్ అంకెలు చెక్కి ఉన్నాయని చెప్తే, తాత కూడా ముందు గుర్తులు పెట్టుకున్నాకే బిగించేవాడన్నాడు. తాత గురించి నాన్న నాతో ఇంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

ఓడలో దొరికిన వస్తువుల దగ్గర తొందరపడకండి. గాజు పూసలు, ఇత్తడి గంటలు, ఉంగరాలు, గొడ్డలి తలలు, కంచు ఫిరంగులు. ఇక్కడివాళ్ళకి ఇచ్చి సరుకు మార్చుకుందామని లక్షల కొద్దీ పూసలు తెచ్చుకున్నారు, కానీ అక్కడి కరంకావా అనే స్థానిక తెగతో తగువులు పడి, వాళ్ళు కట్టుకున్న ఊరే మిగల్లేదు. పిల్లల్ని కొందర్ని ఆ తెగవాళ్ళే పెంచారు. ఇవన్నీ చూస్తుంటే రాజుల సంగతి మర్చిపోయి ఆ 300 మంది గురించే ఆలోచిస్తాం. ఓడ ముందు భాగంలో లంగరు తాడు చుట్ట మీద పడుకున్నట్టు ఒక నావికుడి అస్థిపంజరం కూడా దొరికింది.

పై అంతస్తులకి వచ్చేసరికి మాకు ఓపిక తగ్గింది. ఒక్క విగ్రహం మాత్రం చూడకుండా రాకండి. 1888 నుంచి 1985 దాకా క్యాపిటల్, అంటే టెక్సస్ శాసనసభ భవనం గోపురం మీద నిలబడ్డ అసలు గాడెస్ ఆఫ్ లిబర్టీ ఇక్కడే ఉంది. దగ్గర్నుంచి చూస్తే మొహం మోటుగా, ముక్కు కళ్ళు పెద్దగా ఉంటాయి. కింద వీధిలో ఉన్నవాళ్ళకి కనపడాలని అలా చేశారు. టెక్సస్‌లోని బానిసలకి విడుదల కబురు తీరంలోని గాల్వెస్టన్‌లో 1865 జూన్ 19న గానీ అందలేదని, ఆ రోజే ఇప్పటి జూన్‌టీన్త్ పండగ అని నాన్నకి చెప్పాను. 1900లో తుపాను అదే గాల్వెస్టన్‌లో ఆరు వేల మందికి పైగా పొట్టన పెట్టుకుందనగానే, ‘మన కోరంగి లాగే’ అన్నాడు. 1839 తుపానుకి కోరంగి రేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా వైపు నుంచి ఐదుకి ఐదు. కనీసం మూడు గంటలు పెట్టుకోండి, అందులో సగం ఓడకే ఇవ్వండి. బోర్డులు చదివి చెప్పేవాళ్ళు పక్కనుంటే పెద్దవాళ్ళకి ఇంకా బాగుంటుంది.

ఓడలో అస్థిపంజరంగా దొరికిన ఆ నావికుడిని 2004లో ఆస్టిన్‌లోనే టెక్సస్ స్టేట్ సెమెటరీలో పూడ్చారు. మ్యూజియం నుంచి కారులో కాసేపే. సాయంత్రం నాన్న అడిగితే అక్కడికీ వెళ్ళాం. చెప్పులు పక్కన విడిచి, గడ్డిలో ఆ రాయి ముందు ఒక నిమిషం నిలబడి వచ్చాడు.