బండి మీద సోలార్, లోపల ఏసీ: మూడు ఎండాకాలాల తర్వాత

మేం ఉండేది నల్లగొండలో. పాత ట్రావెలర్ బండి కొని, సీట్లు పీకించి, లోపలే పడుకునేలా క్యాంపర్ చేయించుకుని మూడేళ్లు దాటింది. రెండు రోజులు సెలవు దొరికితే సాగర్, సోమశిల, మన్ననూరు, అలంపూర్ వైపు పోతాం. అమ్మకు డెబ్బై దాటాయి, ఉక్కపోస్తే రాత్రంతా లేచి కూర్చుంటుంది. అందుకే ఏసీ పెట్టించాను. జనరేటర్ మోత మా ఇద్దరికీ పడదు కాబట్టి సోలార్.

ఇప్పుడున్న సరంజామా చెప్తాను. పైన 540 వాట్ల ప్యానళ్లు రెండు. ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు, ఒకదాని వెనక ఒకటి పడుకోబెడితే టాప్ మొత్తం నిండిపోయింది. మంచం కింద 51.2 వోల్టుల, 100 యాంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే 5 యూనిట్లు. ఏసీ మామూలుగా ఇళ్లలో పెట్టుకునే ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్టే. దాని ఔట్‌డోర్ యూనిట్‌ను బండి వెనక నిచ్చెన పక్కన స్టాండు కొట్టించి బిగించాం.

మొదటి ఏడాది లిథియం కాదు, ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు పెట్టాను. ఇంట్లో వాడేవే కదా అనుకున్నా. నాలుగూ కలిపి రెండు క్వింటాళ్ల పైనే బరువు. లెక్కకు 7 యూనిట్లు ఉన్నా, పాడవకుండా సగం వరకే దించుకుంటే చేతికి వచ్చేది మూడున్నర. పైగా చార్జింగ్ అయ్యేటప్పుడు వాటి నుంచి హైడ్రోజన్ వస్తుంది. మూసిన బండిలో, మనుషులు పడుకునే చోట వాటిని పెట్టడమే తప్పు. తెలిశాక ఒక్క రోజు కూడా ఉంచలేదు.

చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే: "పగలంతా ఎండే కదన్నా, ఏసీ ఫ్రీగా నడుస్తదా?"

నడవదు. ప్యానల్ మీద రాసే వాట్లు, ప్యానల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. మేలో మా దగ్గర బయటే 44 ఉంటే టాప్ మీద ప్యానల్ 60 దాటుతుంది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ మూడో వంతు శాతం పైన కరెంటు తగ్గుతుంది. 1080 వాట్ల ప్యానళ్ల నుంచి 800 మించి నేనెప్పుడూ చూడలేదు. అదే సమయంలో ఏసీ కంప్రెసర్ తగ్గకుండా 950 లాగుతూనే ఉంటుంది. తక్కువ పడింది బ్యాటరీలోంచి పోతుంది. సాయంత్రం నాలుగింటికి బ్యాటరీ సగానికి వస్తే ఇక రాత్రికి ఏం మిగులుతుంది?

సరే, యాప చెట్టు కింద ఆపుదామంటే లోపల చల్లగానే ఉంటుంది, ప్యానల్ మాత్రం పనిచేయదు. రెండు ప్యానళ్ల వైర్లూ సిరీస్‌లో, అంటే ఒకదాని కరెంటు రెండోదాంట్లోంచి కూడా పోయేలా కలిపి ఉన్నాయి కాబట్టి ఒకదాని మీద కొమ్మ నీడ పడ్డా మీటర్ ఢమాల్‌న పడిపోతుంది. ఈ గొడవతోనే రెండు ఎండాకాలాలు గడిచాయి. చివరికి కుదిరిన పద్ధతి ఇది: పగలు బండి ఎండలో, మనుషులు చెట్టు కింద చాప మీద. ఏసీ రాత్రికే.

రాత్రి తొమ్మిదికి వేస్తాను. రేకు, పరుపులు పగటి వేడిని పట్టుకుని ఉంటాయి కాబట్టి మొదటి ముప్పావుగంట 900 వాట్లు పోతాయి. తర్వాత 350కి దిగుతుంది. 27లో పెట్టి చిన్న ఫ్యాను వేస్తే ఐదున్నర దాకా మూడున్నర యూనిట్లు. బ్యాటరీ కరెంటును ఏసీకి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ పెట్టె ఖాళీగా ఉన్నా 40 వాట్లు తింటుంది, అది కూడా అందులోనే. మబ్బు లేకపోతే మర్నాడు మూడింటికల్లా బ్యాటరీ మళ్లీ నిండుతుంది.

ఇంత తక్కువలో సరిపోవడానికి కారణం ప్యానళ్లు కాదు, ఫోమ్. రెండో ఏడాది టాప్‌కు, గోడలకు బయటి వేడిని ఆపే 19 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్ అంటించి, డ్రైవర్ క్యాబిన్‌కు, వెనక భాగానికి మధ్య మందపాటి తెర వేయించాను. అంతకుముందు అర్ధరాత్రి కూడా 600 వాట్లకు దిగేది కాదు. ఇంకో ప్యానల్ కొందామనుకునేవాళ్లు ముందు ఆ డబ్బు ఫోమ్ మీద పెట్టండి.

ఇబ్బందులు చాలానే వచ్చాయి. అన్నిటికన్నా విసిగించింది గ్యాస్ లీకు. ఇంటి ఏసీ గోడకు కదలకుండా ఉండటానికి చేసింది. దేవరకొండ రోడ్డు గుంతల్లో ఆర్నెల్లు తిరిగేసరికి రాగి పైపు జాయింటు దగ్గర చిట్లింది. గ్యాస్ నింపిస్తే రెండు నెలల్లో మళ్లీ పోయింది. మహబూబ్‌నగర్‌లో ఒక మెకానిక్ చూసి, "పైపు బిగుసుకుని ఉందన్నా, దానికి ఊగే సందు ఇయ్యాలె" అని పైపును స్ప్రింగులాగా రెండు చుట్లు తిప్పి, కింద రబ్బరు బుష్‌లు వేశాడు. ఏడాదిన్నర అయింది, మళ్లీ గ్యాస్ నింపలేదు. అదే కుదుపులకు బ్యాటరీకి వైరును బిగించే లగ్గు వదులై కాలిన వాసన కూడా వచ్చింది ఒకసారి. ఇప్పుడు నెలకోసారి స్పానర్ పట్టుకుని అన్నీ బిగిస్తాను.

అలంపూర్‌లో మే నెల మధ్యాహ్నం చార్జింగ్ దానంతట అదే ఆగిపోయింది. ప్యానల్ పోయిందని టెన్షన్ పడ్డా. తీరా చూస్తే మంచం కింద మూసిన పెట్టెలో బ్యాటరీ వేడెక్కి, లోపలి రక్షణ బోర్డే ఆపేసింది. పెట్టెకు రెండు వైపులా బెజ్జాలు కొట్టి చిన్న ఫ్యాను పెట్టాక ఆ బాధ తప్పింది. వాడపల్లిలో సంగమం చూద్దామని రెండు రాత్రులు ఆగితే, లారీల దుమ్ము మంచుకు తడిసి ప్యానళ్ల మీద పేస్టులా అతుక్కుంది. పొద్దున్నే, ప్యానల్ వేడెక్కకముందే తడిగుడ్డతో తుడవాలి.

వానాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ముసురు పట్టిన రోజు ఒకటిన్నర యూనిట్ వస్తే గొప్ప. ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి చార్జర్ పెట్టించాను కాబట్టి మూడు గంటలు నడిపితే ఇంకో యూనిట్ వస్తుంది. ఆ రోజుల్లో ఫ్యానుతోనే సరి.

అమ్మకు మాత్రం 27 చాలదు, 24 పెట్టమంటుంది. పోయిన ఏప్రిల్‌లో సోమశిలలో కాదనలేక పెట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి బ్యాటరీ అయిపోయి ఏసీ ఆగింది. ఆమె దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోతోంది. చెమటకు లేచి కిటికీలు తీసింది నేను.