మాలా-ఎన్, ఛాయా, కాపర్ టీ: మా చెల్లికి ఏది మేలు?

మలక్‌పేటలో ఉండే మా చెల్లికి 36 ఏళ్లు. ఇంకో బిడ్డ వద్దనుకుని, వీధి చివర మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు తెచ్చుకుంది. బీపీ ఎంత, తలనొప్పి వస్తుందా అని అక్కడ ఒక్కరూ అడగలేదు. నాకు కోపం వచ్చింది అందుకే.

రోజూ వేసుకునే మాలా-ఎన్ లాంటి వాటి ప్యాకెట్‌లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. మొదటి రెండు మూడు నెలలు వికారం, రొమ్ముల్లో నొప్పి, మధ్యమధ్యలో మరకలు మామూలే. నెలసరి టైముకి వస్తుంది, కడుపునొప్పి తగ్గుతుంది, అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుతుంది. అసలు చూసుకోవాల్సింది రక్తం గడ్డకట్టడం గురించి. మాత్ర వాడని 10,000 మందిలో ఏడాదికి 1 నుంచి 5 మందికి గడ్డలు వస్తే, వాడేవాళ్లలో 3 నుంచి 9 మందికి వస్తాయి. గర్భిణుల్లో అయితే 5 నుంచి 20 మందికి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి హడలిపోనక్కర్లేదు. కానీ బీపీ ఉన్నా, 35 దాటాక పొగతాగే అలవాటున్నా, కళ్ల ముందు మెరుపులు కనబడి ఆపైన మైగ్రేన్ వస్తున్నా ఈ మాత్ర వద్దు. అలాంటి మైగ్రేన్ ఉన్నవాళ్లు ఇది వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మా చెల్లికి ఆ మెరుపులు కాలేజీ రోజుల నుంచీ ఉన్నాయి! ఆ ప్యాకెట్ అప్పుడే మాన్పించాను.

గర్భసంచిలో పెట్టే కాపర్ టీలో హార్మోన్ ఉండదు, 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది. రోజూ గుర్తుపెట్టుకునే బాధ లేదు కాబట్టి నా ఓటు దానికే. కాకపోతే మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్, నొప్పి ఎక్కువవుతాయి. చెల్లికి అసలే నెలసరి ఎక్కువ, ఒంట్లో రక్తం తక్కువ.

అందుకే సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాయా మాత్రలు రాశారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) తయారుచేసిన మందు, మాలా-ఎన్‌లో గడ్డల ముప్పు పెంచే ఈస్ట్రోజన్ హార్మోన్ ఇందులో లేదు. మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒక్కసారి. వికారం ఉండదు గానీ నెలసరి ఆలస్యమవుతుంది, అదే టెన్షన్. 15 రోజులు దాటితే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య), కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.

మీరు మాలా-ఎన్ వాడుతుంటే ముందు బస్తీ దవాఖానాలో బీపీ చూపించుకోండి. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రయినా సరే, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, ఈ మాత్ర వాడుతున్నానని ముందే చెప్పండి.