అద్దె ఇల్లు వెతుకుతున్నవారికి హెచ్చరిక: తాళం తీసి చూపించినవాడల్లా యజమాని కాడు

పెద్ద నగరంలో తక్కువ అద్దెకు ఫ్లాటు వెతుకుతున్నవారు, ముఖ్యంగా ఉద్యోగంలోనో చదువులోనో చేరవలసిన తేదీ దగ్గరపడుతున్నవారు, డిపాజిట్టు కట్టే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇల్లు చూడకుండా డబ్బు పంపవద్దని అందరూ చెబుతారు. మేము ఇల్లు చూశాం, గదులన్నీ తిరిగాం, కుళాయిలు విప్పి నీళ్ళు ఎలా వస్తున్నాయో చూశాం, ఒప్పందం మీద సంతకాలు చేశాం. అయినా మోసపోయాం. ఇంకొకరు ఇదే ఉచ్చులో పడకూడదన్న ఉద్దేశంతో జరిగినదంతా రాస్తున్నాను.

ఆ ప్రకటనలోని అద్దె అనుమానం పుట్టించేంత తక్కువేమీ కాదు. చుట్టుపక్కల అలాంటి ఫ్లాట్లకు అడుగుతున్నదానికంటే కొంత తగ్గించి, మనలాంటివారికి ఆశ కలిగే స్థాయిలో పెట్టారు. యజమానినని చెప్పుకున్న వ్యక్తి అన్న సమయానికి వచ్చి, తాళం తీసి, ఓపికగా ఇల్లంతా చూపించాడు. లిఫ్టు గురించి, పార్కింగు గురించి అడిగినవాటికి తడుముకోకుండా జవాబిచ్చాడు. తనకు వేరే దేశానికి బదిలీ అయిందని, ఇంటిని శుభ్రంగా చూసుకునే కుటుంబం దొరికితే చాలని, అందుకే అద్దె తగ్గించానని అన్నాడు. ఆ రాత్రే ఫోను చేసి, మరొకరు డబ్బుతో సిద్ధంగా ఉన్నారని, అయినా మాకే ఇవ్వాలని ఉందని, తెల్లారేలోగా డిపాజిట్టు, మొదటి నెల అద్దె పంపమని కోరాడు. డబ్బు వెళ్ళింది, ఒప్పంద పత్రం వచ్చింది, తాళం చెవి కూడా చేతికి అందింది. సామానుతో వెళ్ళిన రోజున ఆ చెవి తాళానికి పట్టలేదు. గుమ్మం ముందు నిలబడి అతని ఫోనుకు ప్రయత్నిస్తుండగానే మరో జంట పెట్టెలతో లిఫ్టు దిగింది. వారి చేతిలోని ఒప్పందంలో పేర్లు తప్ప ప్రతి వాక్యమూ మా పత్రంలో ఉన్నదే.

ఆ ఫ్లాటు రోజువారీ అద్దెకు ఇచ్చేదని, అతను అతిథిగా కొద్ది రోజులకు బుక్ చేసుకుని ఆ రోజుల్లోనే ఒకరి తర్వాత ఒకరిని పిలిచి చూపించాడని అసలు యజమాని వచ్చాక తెలిసింది. ఇలాంటి ఇంటికి కొన్ని గుర్తులు ఉంటాయి. ఆ ఇంట్లో తలుపు వెనుక ప్లాస్టిక్ పూత వేసిన కాగితం మీద వైఫై పాస్‌వర్డు, బయటికి వెళ్ళేటప్పుడు ఏసీ ఆపమన్న సూచన ఉన్నాయి. మంచం మీద మడత పెట్టిన తువ్వాళ్ళు, స్నానాలగదిలో చిన్న చిన్న సబ్బులు, వంటగదిలో లెక్కగా నాలుగు పళ్ళేలు, నాలుగు గ్లాసులు ఉన్నాయి. మనుషులు ఏళ్ళ తరబడి కాపురం ఉన్న ఇంట్లో మందుల డబ్బానో, పాత బిల్లులో, అలమరలో ఏదో ఒక మూల పనికిరాని సామానో తప్పక కనబడుతుంది. అవేవీ లేని ఇంటిని తన సొంత నివాసమని ఎవరైనా చెబితే అక్కడే ఆగి అడగండి.

అన్నిటికంటే ముఖ్యంగా పరిశీలించవలసినది పేర్లు. ఆస్తి రికార్డులో యజమానిగా ఉన్న పేరు, ఎదుటి మనిషి గుర్తింపు కార్డులోని పేరు, డబ్బు జమ చేయమంటున్న ఖాతా పేరు, ఈ మూడూ ఒకటే కావాలి. మాకు ఇచ్చిన ఖాతా వేరే పేరు మీద ఉంది, అది తన భార్యదని చెప్పాడు. భూమి, ఇళ్ళ రికార్డులను చాలా దేశాల్లో ఎవరైనా కొద్దిపాటి రుసుముతో చూడవచ్చు. ఆ వీలు లేనిచోట భవన నిర్వాహకులను, పక్క ఫ్లాటువారిని అడిగితే యజమాని ఎవరో తెలిసిపోతుంది. ఫోనుకు పంపిన పన్ను రసీదునో కరెంటు బిల్లునో రుజువుగా తీసుకోకండి, ఎందుకంటే పీడీఎఫ్‌లో పేరు మార్చడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమే. ఏజెంటు వస్తే యజమాని ఇచ్చిన రాతపూర్వక అధికార పత్రం చూడండి, యజమాని ఫోను నంబరును ఆ ఏజెంటు నుంచి కాకుండా మరో దారిలో సంపాదించి మాట్లాడండి. ఉన్న అద్దెదారే మీకు తిరిగి అద్దెకు ఇస్తుంటే యజమాని రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. అది లేకపోతే మీరు ఎంత సక్రమంగా అద్దె కడుతున్నా యజమాని ఖాళీ చేయమన్నప్పుడు మీ పక్షాన నిలిచే కాగితం ఉండకపోవచ్చు.

ఒక ఫొటో ఇంటర్నెట్‌లో ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో ప్రకటనలోని ఫొటోలను వెతికి చూడండి. అదే గది మరో నగరం పేరుతోనో, అమ్మకపు ప్రకటనలోనో, పర్యాటకుల బస జాబితాలోనో కనిపిస్తే ఇక ముందుకు వెళ్ళవద్దు. ఫొటోను కత్తిరించినా, కుడి ఎడమలు తిప్పినా ఈ వెతుకులాటకు దొరక్కపోవచ్చు కాబట్టి ఒక్క ఫొటోతో సరిపెట్టకుండా అన్నిటినీ వెతకండి.

డబ్బు పోవడం కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించిన విషయం ఇంకొకటి ఉంది. ఒప్పందం కోసమని అతను మా గుర్తింపు కార్డుల నకళ్ళు, జీతం కాగితాలు తీసుకున్నాడు. ఇలాంటి ముఠాలు ఒకరి దగ్గర తీసుకున్న కార్డునే తర్వాతి వారికి యజమాని కార్డుగా చూపిస్తాయి, వాటితో అప్పులకు దరఖాస్తులు కూడా పెడతాయి. అందువల్ల ఇల్లు ఖాయం కాకముందు ఏ నకలూ ఇవ్వకండి. ఇవ్వవలసి వస్తే ఏ ఇంటి అద్దె కోసం, ఏ తేదీన ఇస్తున్నారో ఆ నకలు మీదే అడ్డంగా రాసి ఇవ్వండి.

తక్కువ అద్దె కోసం తిరిగేవారినే వీరు ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎక్కువ ఇస్తామన్నవారు ముందుకు రావడంతో మనకు ఇళ్ళు చేజారుతూ ఉంటాయి, గడువు దగ్గరపడుతుంది, ఇదీ పోతుందేమోనన్న భయం పట్టుకుంటుంది. నా అభిప్రాయంలో మొదటి కొన్ని వారాలు హాస్టల్లోనో బంధువుల ఇంట్లోనో సర్దుకుని నింపాదిగా వెతకడమే మేలు. ఆ ఖర్చు, పోయిన డిపాజిట్టుతో పోలిస్తే చాలా తక్కువ. రికార్డు చూసుకోవడానికి ఒక్కరోజు గడువు అడిగితే చిరాకుపడే మనిషికి డబ్బు ఇవ్వకండి.

ఇప్పటికే డబ్బు పంపినవారు ముందుగా బ్యాంకుకు ఫోను చేయండి. సొమ్ము కొద్ది గంటల్లోనే ఖాతాలు మారిపోతుంది కాబట్టి పోలీసు ఫిర్యాదు రాస్తూ బ్యాంకుకు చెప్పడం ఆలస్యం చేయవద్దు. కార్డు ద్వారా కట్టినదాన్ని సవాలు చేసే వీలు ఉంటుంది. నగదు, గిఫ్టు కార్డు, క్రిప్టో రూపంలో ఇచ్చినవి తిరిగి రావడం చాలా కష్టం. ప్రకటన మాయమయ్యేలోగా దాని స్క్రీన్‌షాట్లు, సందేశాలు, ఖాతా వివరాలు భద్రపరచి పోలీసులకు, ఆ ప్రకటన వేసిన వేదికకు ఇవ్వండి. కొంత రుసుము కడితే పోయిన సొమ్ము రాబట్టి ఇస్తామంటూ ఆ తర్వాత మీకు ఫోన్లు రావచ్చు, వారికి మీ నష్టం వివరాలన్నీ తెలిసి ఉండవచ్చు కూడా. అది కూడా మోసమే, వారికి ఏమీ కట్టకండి.