చెర్రీ ఇంపీరియల్ స్టౌట్ కిట్: మాల్ట్ దగ్గర మంచి మార్కులు, పండు దగ్గర పిసినారితనం

ఇంపీరియల్ స్టౌట్ అంటే బాగా మాడ్చిన మాల్ట్‌తో చేసే నల్లటి, స్ట్రాంగ్ బీరు, దాన్ని చెర్రీ వేసి ఇంట్లో చేసుకునే కిట్ ఇది. ముందే చెప్పేస్తాను, కొనొచ్చు. కానీ పెట్టెలో ఏది ఎంత ఇచ్చారో అంతే వేసి, కాగితంలో రాసినట్టే చేస్తే మీకు వచ్చేది మంచి స్టౌటే గానీ చెర్రీ స్టౌట్ కాదు. తాగేవాళ్లకు మీరు చెబితే తప్ప అందులో పండు ఉందని తెలియదు. ఈ తేడా చిన్నదేం కాదు, ఎందుకంటే మనం డబ్బు పెట్టేది ఆ చెర్రీ బొమ్మ చూసే కదా. కిట్ పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలావరకు ఒకే అచ్చులో వస్తున్నాయి కాబట్టి మీరు ఏది కొన్నా ఇక్కడ రాసిన వాటిలో సగమైనా పనికొస్తుంది. ఇంట్లో బీరు చేసుకోవడానికి మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందు చూసుకోండి.

19 లీటర్లకు సరిపడే ఎక్స్‌ట్రాక్ట్ కిట్ ఇది, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) సారం ముందే తీసి ఇచ్చేది. లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 4.5 కిలోలు, నానబెట్టే గింజలు ఓ 700 గ్రాములు, మాగ్నమ్ హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) 40 గ్రాములు, సేఫేల్ యూఎస్-05 ఈస్టు 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి, 1.4 కిలోల పుల్ల చెర్రీ గుజ్జు డబ్బా ఒకటి, చెర్రీ ఫ్లేవర్ చిన్న సీసా, బాటిళ్లలో వేసే చక్కెర, గుడ్డ సంచి, రెండు పేజీల కాగితం. శానిటైజర్ ఉండదు. స్టార్ సాన్ లాంటి, మళ్లీ కడగక్కర్లేనిది ఒకటి విడిగా తెచ్చుకోవాలి.

గింజల ప్యాకెట్ దగ్గర మాత్రం నాకు నిజంగా ముచ్చటేసింది. క్రిస్టల్ మాల్ట్, చాక్లెట్ మాల్ట్, వాటితోపాటు బాగా మాడ్చిన రకం కోసం పొట్టు తీసిన కారాఫా స్పెషల్ ఇచ్చారు. ఇది ఎవరో తెలిసిన మనిషి చేసిన ఎంపిక. మామూలు స్టౌట్‌లో మాడిన బార్లీ కొంచెం ఘాటుగా ఉన్నా చెల్లిపోతుంది, పైగా కొందరికి అదే ఇష్టం. కానీ పుల్ల చెర్రీ పడే బీరులో ఆ మాడు వగరు, పండు పులుపు రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టి నాలుక గీరుకుపోయినట్టు చేస్తాయి. పొట్టు లేని మాల్ట్‌లో రంగు, చాక్లెట్ వాసన ఉంటాయి గానీ ఆ గీరుడు ఉండదు. హాప్స్ విషయంలోనూ అంతే. ఇంపీరియల్ స్టౌట్ అంటే బీరు పోటీల లెక్కల్లో 50 నుంచి 90 ఐబీయూల (చేదు కొలిచే యూనిట్లు) చేదు ఉండాలంటారు, ఈ 40 గ్రాముల మాగ్నమ్ గంటసేపు మరిగితే, ఇంత చిక్కటి వోర్ట్‌లో (ఇంకా పులియని మాల్ట్ నీళ్లలో) హాప్స్ చేదు తక్కువగా దిగుతుంది కాబట్టి, వచ్చేది సుమారు 40. పండు వేసే బీరుకు అదే సరైన లెక్క, పెంచకండి.

గింజలు నానబెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. నీళ్లు 65 నుంచి 70 డిగ్రీల మధ్య ఉండాలి, అరగంట చాలు. 77 దాటితే పొట్టు వగరు నీళ్లలోకి దిగుతుంది. పొట్టు తీసినది కారాఫా ఒక్కటే, మిగతా రెండింటికీ పొట్టు ఉంది. సంచిని పిండకండి, పైకెత్తి కారనివ్వండి. నీళ్లలోకి దింపిన నిమిషంలోనే సంచి చుట్టూ ఎర్రటి గోధుమరంగు తీగలు తీగలుగా దిగి, కాసేపటికి గిన్నె అడుగు కనిపించకుండా పోతుంది, ఆ వాసన కోసమైనా దగ్గర నిలబడాలనిపిస్తుంది.

ఇక గొడవ మొదలయ్యేది ఈస్టు దగ్గర. పెట్టె మీద మొదటి గ్రావిటీ (పులియకముందు వోర్ట్ నీళ్లకంటే ఎంత బరువో, అంటే అందులో ఎంత చక్కెర ఉందో చెప్పే అంకె) 1.090 అని రాశారు, నాకూ దాదాపు అంతే వచ్చింది, ఆ మాట నిలబెట్టుకున్నారు. కానీ ఇంత బరువైన వోర్ట్‌కు ఒక్క ప్యాకెట్ ఈస్టు ఎలా సరిపోతుంది? తయారీదారు చెప్పే మోతాదు 100 లీటర్లకు 50 నుంచి 80 గ్రాములు, ఆ లెక్కన 11.5 గ్రాములు 19 లీటర్ల మామూలు బీరుకు సరిగ్గా సరిపోతాయి. దీనికి మాత్రం రెండు ప్యాకెట్లు వేయాలి. తక్కువ ఈస్టు వేస్తే అది నానా తంటాలు పడి 1.035 దగ్గరో 1.040 దగ్గరో చతికిలబడుతుంది, బీరు పాకంలా తియ్యగా మిగులుతుంది, ఆ పైన పండు వేస్తే దాని చక్కెర పూర్తిగా పులిసిందో లేదో తేల్చుకోలేక మనకు టెన్షన్. రెండో ప్యాకెట్ కొనండి, ఈస్టు వేసే ముందు వోర్ట్‌ను బాగా కుదిపి గాలి పట్టించండి. గాలి అవసరమయ్యేది ఆ ఒక్కసారే, తర్వాత గాలే శత్రువు. రెండు ప్యాకెట్లతో 18-20 డిగ్రీల గదిలో నాకు 1.024కు దిగింది. రెండు గ్రావిటీల తేడాను 131.25తో గుణిస్తే 8.7 శాతం ఆల్కహాల్. కిట్ వాళ్లు చెప్పిందీ దాదాపు ఇదే.

ఫర్మెంటర్, అంటే పులియబెట్టే పాత్ర, పెద్దది కావాలి. 23 లీటర్ల బకెట్‌లో 19 లీటర్లు పోసి మూత పెడితే నురగ ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని చిన్న బిరడా) లోంచి తన్నుకొస్తుంది. 30 లీటర్లది వాడండి, మొదటి రోజుల్లో ఎయిర్‌లాక్ బదులు లావు గొట్టం పెట్టి రెండో కొసను శానిటైజర్ నీళ్లలో ముంచండి. కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఆ రెండు పేజీల్లో సగం పేజీ ఇంపీరియల్ స్టౌట్ చరిత్ర ఉంది, 18వ శతాబ్దంలో లండన్‌లో సదర్క్‌లోని థ్రేల్ బ్రూవరీ నుంచి రష్యా రాజదర్బారుకు బీరు వెళ్లడం నిజమే, చదవడానికి బాగానే ఉంది, కానీ చేతిలో బకెట్ పట్టుకుని నిలబడ్డవాడికి ముందు కావాల్సింది నురగ ఎలా ఆపాలో.

ఇప్పుడు పండు. కాగితం చెప్పేది: ఏడు రోజులు పులియనిచ్చి, గుజ్జు కలిపి, ఇంకో ఏడు రోజులు ఉంచి, బాటిళ్లు నింపేముందు ఫ్లేవర్ సీసా మొత్తం పోయమని. ఇందులో మూడు విషయాలతో నేను గట్టిగా విభేదిస్తాను.

పరిమాణం సంగతి చూడండి. 19 లీటర్లలో 1.4 కిలోలంటే లీటరుకు 75 గ్రాములు కూడా కాదు. గోధుమ బీరులాంటి తేలికైన దాంట్లో అయితే అది చాలు, బాగా తెలుస్తుంది కూడా. ఈ నల్లటి దాంట్లో మాల్ట్ మొత్తం కప్పేస్తుంది. లీటరుకు కనీసం 150 గ్రాములు పడాలి, అంటే ఇంకో గుజ్జు డబ్బా, దాని పైన కొద్దిగా ఫ్రీజ్ చేసిన గింజ తీసిన పుల్ల చెర్రీలు. ఫ్రీజ్ చేసినవి ఎందుకంటే, గడ్డకట్టినప్పుడు లోపలి మంచు పలుకులు పండు కణాలను చీలుస్తాయి, కరగగానే రసం దానంతటదే బయటికొస్తుంది, మీరు చిదమక్కర్లేదు. తియ్య చెర్రీలు మాత్రం వద్దు. పండులోని తీపి మొత్తం ఈస్టు తినేస్తుంది, మిగిలేది పులుపు, వాసన మాత్రమే, తియ్య చెర్రీలో ఆ పులుపే తక్కువ కాబట్టి చివరికి చప్పగా తేలుతుంది. గింజలతో సహా వేస్తే బాదం వాసన వస్తుందని కొందరు వేస్తారు. గింజ పప్పులో అమిగ్డలిన్ ఉంటుంది, నలిగితే దాని నుంచి సైనైడ్ పుడుతుంది, అంచేత నేను గింజ తీసినవే వాడతాను.

పండును మరిగించకండి, కిట్ ఏది కొన్నా ఇది గుర్తుంచుకోండి. ఉడికితే పెక్టిన్ (పండులోని జిగురు) బయటికొచ్చి బీరు మబ్బుగా ఉండిపోతుంది, పైగా తాజా వాసన పోయి జామ్ వాసన వస్తుంది. డబ్బా గుజ్జు ముందే క్రిములు లేకుండా ప్యాక్ చేసి ఉంటుంది, డబ్బా మూతను శానిటైజర్‌తో తుడిచి నేరుగా పోసేయొచ్చు.

తర్వాత సమయం. ఏడో రోజు అని తేదీ చూసి పండు వేయడం కాదు, హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే పరికరం) మూడు రోజులపాటు ఒకే అంకె చూపించాకే వేయాలి. ముందే వేస్తే ఉధృతంగా బయటికెళ్లే గ్యాస్‌తోపాటు చెర్రీ వాసన కూడా గదిలోకి పోతుంది. శుభ్రం చేసిన రెండో పాత్రలో గుజ్జు ముందు పోసి, బీరును గొట్టంతో అడుగునుంచి, చప్పుడు కాకుండా, గాలి కలవకుండా దాని మీదికి దింపండి. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పొంగు మొదలవుతుంది, ఈసారి నురగ గోధుమరంగులో కాదు, ముదురు గులాబీ రంగులో, మధ్యమధ్య చెర్రీ తొక్కలు తేలుతూ వస్తుంది. ఆ తొక్కలే ఎయిర్‌లాక్‌లో ఇరుక్కుంటాయి, కాబట్టి లావు గొట్టం ఈ దశలోనూ ఉంచండి. రెండు మూడు వారాలు వదిలేయండి. గ్రావిటీ చూసేటప్పుడు వడకట్టి చూడండి, గుజ్జు పలుకులు అంటుకుంటే అంకె తప్పు చూపిస్తుంది. అన్నట్టు, పండు వేస్తే ఆల్కహాల్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ ఇంత స్ట్రాంగ్ బీరులో పెరగదు, చెర్రీలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి కాస్త తగ్గుతుంది. అడుగున మడ్డి కింద లీటరో రెండు లీటర్లో పోతుంది, దానికి బాధపడకండి.

ఇక ఆ ఫ్లేవర్ సీసా. మూత తీయగానే దగ్గు మందు. కృత్రిమ చెర్రీ వాసనలో ముఖ్యమైనది బెంజాల్డిహైడ్, అసలు చెర్రీలోనూ అది కొంచెం ఉంటుంది గానీ అక్కడ దానికి తోడుగా ఇంకెన్నో వాసనలుంటాయి, ఇక్కడ అదొక్కటే ఎదురొచ్చి ముక్కు మీద గుద్దుతుంది. నమ్మకం లేకపోతే ఒక గ్లాసు బీరులో ఒక్క చుక్క వేసి చూడండి. నేనైతే ఆ సీసా పక్కన పెట్టేశాను. ఈ సీసాకు పెట్టిన ఖర్చు రెండో గుజ్జు డబ్బాకు పెట్టి ఉంటే ఈ రివ్యూ సగం దగ్గరే అయిపోయేది.

బాటిళ్ల దగ్గర ఒక్క మార్పు. చక్కెర ప్యాకెట్ 140 గ్రాములు, అన్ని కిట్లలో వేసే ప్యాకెట్టే ఇందులోనూ వేసినట్టుంది. ఈ రకం బీరుకు అంత గ్యాస్ అక్కర్లేదు, పైగా పండు చక్కెర ఏమైనా మిగిలిపోయి ఉంటే బాటిల్ పగిలే ప్రమాదం. లీటరుకు 5 గ్రాములు, అంటే మొత్తం మీద 100 గ్రాముల లోపే సరిపోతుంది. ఇన్ని రోజులు ఇంత ఆల్కహాల్‌లో ఉన్న ఈస్టు అలసిపోయి ఉంటుంది కాబట్టి బాటిలింగ్ రోజు కొద్దిగా కొత్త డ్రై ఈస్టు కలిపితే గ్యాస్ కచ్చితంగా పడుతుంది. మందం గాజు బాటిళ్లు వాడండి.

రుచి అంటారా, పైన చెప్పిన మార్పులతో చేస్తే చాలా గొప్పగా వస్తుంది, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. గ్లాసులో పోస్తే నలుపే, కానీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అంచున ముదురు ఎరుపు కనిపిస్తుంది. ముందు ముక్కుకు తగిలేది చెర్రీ తొక్క వాసన, వెనకాలే డార్క్ చాక్లెట్. నోట్లో ముందు చిక్కదనం, మధ్యలో పులుపు, చివర కాఫీ లాంటి చేదు, ఆ పులుపు వల్లే ఇంత బరువైన బీరు కూడా రెండో గుక్కకు పిలుస్తుంది. ఇంకాస్త మెత్తగా కావాలంటే మరిగించేటప్పుడు పావు కిలో లాక్టోజ్ (పాల చక్కెర) వేయొచ్చు, ఈస్టు దాన్ని తినలేదు కాబట్టి తీపి మిగులుతుంది, కానీ పాలు పడనివాళ్లకు ఇచ్చేముందు ఆ సంగతి చెప్పాలి.

మొదటిసారి బీరు చేసేవాళ్లకు ఈ కిట్ వద్దంటాను, ముందు ఏదైనా తేలికైన పేల్ ఏల్ చేసి గ్రావిటీ చూడటం, శుభ్రత అలవాటు చేసుకోండి. చేయి తిరిగినవాళ్లకు మాల్ట్, హాప్స్ కోసం నాలుగు స్టార్లు ఇస్తాను, కాగితానికి మాత్రం ఒక్కటే. ఇంకో సంగతి, స్టౌట్ కదా అని మొత్తం బాటిళ్లను ఏడాది దాచకండి. మాడు ఘాటు నెలల మీద మెత్తబడుతుంది నిజమే, కానీ పండు వాసన అంతకంటే ముందే వెళ్లిపోవడం మొదలుపెడుతుంది. నాకైతే మూడో నెల నుంచి ఆరో నెల మధ్యలో రెండూ సరిగ్గా కలిశాయి. సగానికి పైగా అప్పుడే తాగేయండి, మిగతావి చల్లగా, చీకట్లో, నిలబెట్టి ఉంచండి.