పానా కంటే ముందు తూకం: గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు

నా కారు జర్మనీ తయారీ, రెండు తలుపుల టర్బో పెట్రోల్ స్పోర్ట్స్ బండి, 2013 మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్న నాలుగు నెలలకే డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఆయిల్ గుర్తు వెలగడం మొదలైంది. కింద చుక్క కారడం లేదు, వెనక పొగ కనబడడం లేదు, లాగుడు తగ్గలేదు. అయినా సుమారు 900 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిల్ పోయవలసి వస్తోంది. విశాఖపట్నం నగరంలో మొదట చూపించిన చోట బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు రేజ్ చేసి, ‘ఇంజన్ బోరుకొచ్చింది (అంటే సిలిండర్లు అరిగిపోయాయి), దించాల్సిందే’ అని తేల్చి, 1,80,000 రూపాయల అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిన రెండో చోటు గురించే ఈ సమీక్ష.

ఆటోనగర్‌లోని ఈ షెడ్డుకు బోర్డు కూడా లేదు. మేస్త్రీ గారు బానెట్ ఎత్తకుండానే అడిగిన మొదటి ప్రశ్న, ‘ఆయిల్ ఎక్కడ నిలబెట్టి చూస్తున్నారు సార్?’ అని. మా అపార్ట్‌మెంటు సెల్లార్, ఈ ఊళ్ళో చాలా సెల్లార్ల లాగే, ఏటవాలుగా ఉంటుంది. వాలు మీద నిలిపిన బండిలో డిప్‌స్టిక్ చూపించేది నిజమైన మట్టం కాదనీ, ఇంజన్ వేడెక్కాక సమతలం మీద ఆపి, ఆయిల్ ఇంజన్ అడుగున ఉండే సంపులోకి దిగడానికి పది నిమిషాలైనా ఆగి చూడాలనీ ఆయన చెప్పారు. అంటే నేను నాలుగు నెలలుగా రాసుకున్న లెక్కలను ఆయన నమ్మదలచుకోలేదు. ‘పానా పట్టే ముందు తూకం చూద్దాం’ అన్నారు.

తూకం అన్న మాట ఆయన అక్షరాలా అన్నదే. రాత్రంతా ఆయిల్ దించి, కిరాణా కొట్లలో ఉండే ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, 3,910 గ్రాముల కొత్త ఆయిల్ పోశారు, అది 4.6 లీటర్లు. డ్రెయిన్ బోల్టు మీదా ఆయిల్ మూత మీదా ఎర్ర పెయింటుతో గీత పెట్టి, 500 కిలోమీటర్లు తిప్పి తీసుకురమ్మన్నారు. భీమిలి దాకా, ఆనందపురం దాకా తిప్పి తెచ్చాను. మళ్ళీ రాత్రంతా దించి తూస్తే 3,440 గ్రాములే మిగిలింది. అంటే వెయ్యి కిలోమీటర్లకు ఒక లీటరుకు కాస్త పైనే పోతోంది. వాలు సెల్లార్‌లో నేను వేసిన లెక్క మరీ తప్పు కాదన్నమాట. ఆ మాట ఆయనతో అనలేదు.

ఆ తర్వాత ఒక్కొక్క అనుమానాన్నీ వరుసగా తీసేశారు. ఇంజన్ కడిగించి చూస్తే వాల్వ్ కవర్ దగ్గర కొద్దిపాటి చెమ్మ తప్ప లీకు లేదు. వాల్వుల దగ్గర ఆయిల్ సిలిండర్లలోకి దిగకుండా ఆపే సీళ్ళు పోతే, యాక్సిలరేటర్ వదిలేసి గేరులో చాలాసేపు దిగి మళ్ళీ తొక్కినప్పుడు నీలి పొగ ఒక్కసారిగా వస్తుందట. అందుకని సింహాచలం ఘాట్ రోడ్డు మీది నుంచి నన్ను దింపుతూ, వెనక బైకు మీద కుర్రవాణ్ణి పంపారు. పొగ రాలేదు. టర్బో గొట్టం విప్పితే లోపల పలుచని తడి మాత్రమే ఉంది, షాఫ్టు అటూ ఇటూ ఊగడం లేదు. నాలుగు సిలిండర్లలోకీ గాలి ఎక్కించి లీకేజీ చూస్తే 9 నుంచి 14 శాతం లోపే ఉంది, అంటే అక్కడా లోపం కనబడలేదు.

అసలు సంగతి ఒక పాలిథిన్ కవరు దగ్గర బయటపడింది. ఐడిల్‌లో ఆయిల్ మూత విప్పబోతే అది రెండు చేతులతో గానీ రాలేదు. వచ్చాక ఆ రంధ్రం మీద పల్చటి కవరు పెడితే చటుక్కున లోపలికి గుంజేసింది. మామూలుగా అక్కడ అతి కొద్ది పీల్పు మాత్రమే ఉండాలి. పిస్టన్ రింగులు దాటి ఇంజన్ కింది భాగమైన క్రాంక్ కేసులోకి దిగే వాయువులను, ఆయిల్ వేరు చేసి, ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌కు పంపే పీసీవీ వాల్వులో రబ్బరు పొర చిరిగిపోతే, ఇన్‌టేక్ వాక్యూమ్ అంతా సరాసరి క్రాంక్ కేసు మీద పడి, ఆయిల్ తుంపరను కూడా పీల్చుకుపోతుంది. అది కొంచెం కొంచెంగా కాలుతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ పొగను మరుగుపరుస్తుంది. మూత తీయగానే ఇంజన్‌లోని సన్నని ఈల కూడా ఆగిపోయింది. అది టర్బో ఈల అనుకుని ఇన్నాళ్ళూ ముచ్చటపడ్డాను.

అంతటితో అంతా బాగుపడిందని ఆయన అనలేదు. ఈ షెడ్డు మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. సిలిండర్ లోపలికి దింపి చూసే సన్నని కెమెరా, బోరోస్కోపులో మూడు, నాలుగు పిస్టన్ల తలలు మధ్యలో నల్లగా ఉన్నా, అంచుల్లో ఆయిల్ కడిగేసినట్టు మెరుస్తున్నాయి. కంప్రెషన్‌ను ప్రధానంగా పట్టేవి పై రెండు రింగులు. ఆయిల్‌ను గీకి కిందికి దింపేది మూడో రింగు. ఆ మూడోది మసి పట్టి బిగుసుకుపోతే కంప్రెషన్, లీకేజీ పరీక్షలు రెండూ బాగానే వస్తాయి, ఆయిల్ మాత్రం పోతూనే ఉంటుంది. పీసీవీ మార్చి మళ్ళీ తూచి, అప్పుడు ఆలోచిద్దామన్నారు.

కంపెనీ పీసీవీ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. పరీక్షలన్నిటికీ 6,500, వాల్వుకూ బిగింపుకూ కలిపి 15,200 అయింది. తర్వాతి వెయ్యి కిలోమీటర్లకు తగ్గిన ఆయిల్ 340 గ్రాములు, అంటే 0.4 లీటరు. కొన్ని జర్మన్ కంపెనీల మాన్యువళ్ళు అర లీటరు దాకా మామూలేనంటాయి కాబట్టి ప్రస్తుతానికి ఇంజన్ దించవద్దనీ, అర లీటరు దాటితే అప్పుడు రింగుల సంగతి చూద్దామనీ అన్నారు. పని వదులుకుని వెనక్కి పంపిన మేస్త్రీని నేను చూడడం ఇదే మొదలు.

లోపాలు లేకపోలేదు. మొత్తం వ్యవహారానికి ఐదు వారాలు పట్టింది. ఫోను మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు. బిల్లు అడిగితే డైరీ కాగితం చించి రాసిచ్చారు. రోజూ ఆ బండి మీదే ఆఫీసుకు వెళ్ళేవారికి ఈ పద్ధతి కుదరదు. షెడ్డులోకి వెళ్ళే చోట కాలువ మీది పలక బాగా ఎత్తుగా ఉంది, నేలకు దగ్గరగా ఉండే బండ్లు తెచ్చేవారు రోడ్డు మీదే ఆపి, కుర్రవాళ్ళ చేత చెక్కలు వేయించుకుని లోపలికి దింపాలి. నా ముందు బంపరు కింది గీత మొదటి రోజుదే.